నక్కకు దారిచ్చిన గోడ

ఈ సంగతి నేను రాయడం ఇది ఐదోసారి, పేపరుకి మొదటిసారి. మొదటిసారి మా కంపెనీ ప్రాజెక్ట్ ఇంజనీరుకి రాశాను. రెండోసారి పద్ధతి ప్రకారం కన్సల్టెంటుకి రాశాను. మూడోసారి గోడ కట్టించుకున్నవాళ్లకే ఉత్తరం పెట్టాను. అందిందని కూడా అనలేదు. నాలుగోసారి ఇక్కడి మన తెలుగువాళ్ల సంఘం సంచికకి పంపాను. "వృత్తి అనుభవాలు కావాలండీ, తప్పకుండా వేస్తాం" అని అడిగింది వాళ్లే. సంచిక వచ్చాక చూస్తే నా పేజీలో వంటల పోటీ ఫోటోలున్నాయి. పులిహోరకు మొదటి బహుమతి. అది ఎవరికొచ్చిందో కూడా నాకు గుర్తుంది. ఇలాంటివి నేను మర్చిపోను.

2022 జనవరి. కువైట్‌లో నాకది పదిహేడో ఏడు. మాది రాయచోటి. పేరు మస్తాన్. అర్దియాలోని ఒక కాంట్రాక్టు కంపెనీ ఆఫీసులో క్యాడ్ డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేస్తాను. అంటే కంప్యూటర్ మీద బొమ్మలు గీసేవాణ్ణి. కన్సల్టెంట్ ఇచ్చే డిజైన్ పైపైన ఉంటుంది. ఏ ఇనుప చువ్వ ఎక్కడ వంగాలి, ఏ పలక ఎంత లోతు దిగాలి అన్నది సైటులో మేస్త్రీకి తెలియాలంటే ఇంకో బొమ్మ కావాలి. దాన్ని షాప్ డ్రాయింగ్ అంటారు. అది నేను గీస్తాను. నేను గీసిందే లేస్తుంది, గీయనిది లేవదు. అయినా మా ప్రాజెక్ట్ ఇంజనీర్ సత్యనారాయణ గారు ఒకసారి విజిటర్లకి నన్ను చూపించి "ఈయన మా టైపింగు చూస్తాడండి" అన్నారు. ఆయనది కాకినాడ. మంచి మాటకారి. ఆ మాటా నాకు గుర్తుంది.

ఆ జనవరిలో మాకొచ్చిన పని ఒక సరిహద్దు గోడ. జహ్రా దాటి ఎడారిలోకి పోతే కొత్తగా గోదాముల కోసం కేటాయించిన నేల ఉంది. దాని పడమటి హద్దు పొడుగునా ఆరు కిలోమీటర్ల గోడ. ఫ్యాక్టరీలో పోసిన కాంక్రీటు పలకల్ని లారీల్లో తెచ్చి, స్తంభాల మధ్య నిలబెట్టే రకం. ఒంటెలు, గొర్రెలు లారీల రోడ్డు మీదికి రాకుండా ఆపడం దాని పని. గోడకు తూర్పున రోడ్డు, ఒక లేబర్ క్యాంపు, ఒక బకాలా అంటే కిరాణా కొట్టు, దాని పక్కన ఒక సబీల్. సబీల్ అంటే తెలుసు కదా, దారిన పోయేవాళ్లకి పుణ్యం కోసం ఎవరో పెట్టించిన చల్లటి నీళ్ల కూలర్. పడమట ఎడారి.

డిజైన్ కాగితాల మొదటి పేజీలో ఒక మాట ఉంది. ఈ గోడ ఇరువైపుల జనాన్ని కలపాలి, వన్యప్రాణులకు చోటివ్వాలి. నేను చాలా గోడలు గీశాను. కలిపే గోడ అనేది మొదటిసారి చదివాను. నవ్వొచ్చింది గానీ నచ్చింది కూడా. ఆ మాటను నేను నిజమని నమ్మాను. నా కోపానికి మూలం అదే.

ఇక్కడ ఒక తప్పు జరిగింది. అందులో నా చెయ్యి కూడా ఉంది, దాచను. కువైట్‌లో చలికాలం వస్తే సగం దేశం ఎడారికి పోతుంది. నవంబరు నుంచి మార్చి దాకా కుటుంబాలకు కుటుంబాలు గుడారాలు వేసుకుని సెలవు రోజులన్నీ అక్కడే గడుపుతాయి. మార్చిలో గడువు అయిపోగానే అన్నీ పీకేస్తారు. మా సర్వేవాళ్లు నేల కొలిచింది జనవరిలో. పడమటి వైపు వాళ్లకి దాదాపు నలభై గుడారాలు కనబడ్డాయి. నలభైనీ ఒకే గాటన కట్టి "సీజన్ గుడారాలు, తొలగిపోతాయి" అని రాసిచ్చారు. క్యాడ్‌లో బొమ్మ పొరలు పొరలుగా ఉంటుంది. అక్కర్లేని పొరను కనబడకుండా చెయ్యొచ్చు. పోయే గుడారాలు మనకెందుకని ఆ పొరను ఆపేసింది నేనే. మౌస్ ఒక్కసారి నొక్కాను. పడమటి వైపు తెల్లగా అయిపోయింది.

మేలో నేల ఎత్తుపల్లాలు సరిచూడ్డానికి సైటుకి పోయాను. సీజన్ గుడారాలు ఎప్పుడో పోయాయి. ఆరు మాత్రం అలాగే ఉన్నాయి. మాసిపోయిన గుడ్డ, పక్కన ఇనుప కంచెల జాఖూర్‌లు, అంటే గొర్రెల దొడ్లు. ఎండలో ఒక మనిషి నడిచి వస్తున్నాడు. తలకి గుడ్డ, రెండు చేతుల్లో పది లీటర్ల క్యాన్లు. నన్ను చూసి హిందీలో ఏదో అడగబోయి, నేను ఫోన్లో తెలుగు మాట్లాడుతుంటే విని ఆగిపోయాడు.

"యా ఊరప్పా మీది?"

"రాయచోటి."

"అబ్బ! మాది లక్కిరెడ్డిపల్లె పక్క. రెడ్డయ్య అంటారు. యాడో ఎండలో నిలబడి రాళ్లు లెక్కబెడతాండావే, నీ కఫీల్ నిన్నూ గొర్రెల్లోకి తోలేసినాడా ఏంది?" కఫీల్ అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని.

"లేదన్నా, గోడ కడతాండారు. దానికి కొలతలు."

"ఓ, ఆ గోడ నువ్వేనా?" క్యాన్లు కింద పెట్టి నడుం పట్టుకున్నాడు. "మంచిదే. నిరుడు మా గొర్రెలు రెండు లారీ కింద పడి సచ్చిపొయ్యె. సరే గానీ, తలుపు యాడ పెడతాండావు?"

గోడ అంటే తలుపు ఉంటుందని అతని లెక్క. అడిగింది ఎక్కడ అని మాత్రమే. నా బొమ్మలో ఉత్తరపు కొసన లారీల గేటు ఒకటుంది. మిగతా ఆరు కిలోమీటర్లూ గోడే.

ఆ రోజు అతని గుడారంలో కూర్చున్నాను. మేకపాల టీ ఇచ్చాడు. దొడ్డికి వారానికోసారి ట్యాంకర్ వస్తుంది. "ఆ నీళ్లు గొర్రెలకప్పా. తుప్పు వాసన. మనిసి తాగితే రొండు దినాలు లెయ్యలేడు. మాకు తాగేదానికి ఆ సబీలే." ఆరు గుడారాల్లో పదకొండు మంది ఉన్నారు. ఏడుగురు మనవాళ్లు, మిగతావాళ్లు సూడాన్, బంగ్లాదేశ్ వాళ్లు. గుడారం నుంచి సబీల్‌కి ఏడొందల మీటర్లు. రోజుకి రెండు నడకలు. ఫోన్ ఛార్జింగ్ బకాలాలో. శుక్రవారం మధ్యాహ్నం క్యాంపులో ఉండే మన రాయచోటి, కడప కుర్రాళ్లు ఇటు నడిచి వస్తారు. వాళ్లు సంగటి చేసి తెస్తారు. రెడ్డయ్య పెరుగు ఇస్తాడు. జనాన్ని కలపాలని కాగితంలో రాసుకున్నారే, ఆ కలవడం గోడ లేకముందే అక్కడ ఉంది. కొత్తగా కలపక్కర్లేదు. తెంచకుండా ఉంటే చాలు.

ఆఫీసుకొచ్చి ఆర్‌ఎఫ్‌ఐ రాశాను. మా పనిలో అనుమానం వస్తే నోటితో అడిగితే లెక్కలోకి రాదు. నంబరు వేసి, ఫారం మీద రాసి కన్సల్టెంటుకి పంపాలి. దాన్నే ఆర్‌ఎఫ్‌ఐ అంటారు. ఏడు రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలని కాంట్రాక్టులోనే ఉంది. నాది నలభై ఏడో నంబరు. "పడమటి వైపు ఆరు గుడారాలు సీజన్‌వి కావు. ఏడాది పొడుగునా మనుషులు ఉంటారు. వాళ్ల తాగునీళ్లు తూర్పు వైపు ఉన్నాయి. ఉత్తరపు కొస నుంచి రెండు కిలోమీటర్ల నాలుగొందల మీటర్ల దగ్గర మనుషులు నడిచే చిన్న గేటు పెట్టడానికి అనుమతి ఇవ్వగలరు." గేటు బొమ్మ కూడా గీసి జత చేశాను. మనిషి పడతాడు, ఒంటె పట్టదు. గొర్రెలు తోసినా తెరుచుకోకుండా తనంతట తాను మూసుకునే స్ప్రింగ్ పెట్టాను.

సత్యనారాయణ గారు చదివి కళ్లజోడు తీశారు. "ఏవండీ మస్తాను గారూ, గోడ గీయమంటే ఊరు గీసుకొచ్చారేంటండీ?"

"ఊరు అక్కడే ఉంది సార్. నేను గీయలేదు."

"సర్వేలో లేదు కదండీ."

"సర్వే చలికాలంలో చేసినారు సార్."

"మీకు ఎక్కడ చూసినా మీ జిల్లావాళ్లే కనబడతారు కదండీ," అని నవ్వి సంతకం పెట్టారు. పెట్టారు, కాదనను. పెట్టాక ఒక్కసారి ఫోన్ చేసి అడిగారా అంటే, అడగలేదు.

వన్యప్రాణుల సంగతి కూడా నాకే వచ్చింది. గోడ అడుగున కన్నాలు పెట్టమన్నారు గానీ ఎక్కడెక్కడో ఎవరూ చెప్పలేదు. సమాన దూరంలో పెట్టెయ్యమన్నారు. నేను మళ్లీ రెడ్డయ్య దగ్గరికే పోయాను. రెండు పొద్దుల పాటు గోడ గీత వెంట నాతో నడిచాడు.

"సమాన దూరమా? నక్కకి టేపు ఇచ్చినారా ఏంది మీవోళ్లు?" అని ఒకటే నవ్వు. "ఇదో, నక్క ఈ వంకలోనే పోతాది. తెల్లారితే దాని అడుగులు సూడు. ఆ గట్టు కింద ఉడుములుండాయి, తోకంతా ముళ్లు, అరబ్బులు దబ్ అంటారు. ఆడ కన్నం సిన్నగా పెట్టినా సాలు. ఇది ముళ్లెలక దారి. ఈడ యేమీ పోవు, ఊరికే యెందుకు కన్నం?"

అతను చూపించిన చోటల్లా రాయి పెట్టాడు. నేను ఆ రాళ్లను కొలిచి బొమ్మలో పెట్టాను. ఉడుములకు, ముళ్లెలుకలకు చిన్న కన్నాలు. నక్కలకు అర మీటరు వెడల్పు, అంతకంటే కాస్త తక్కువ ఎత్తు. అది నలభై ఎనిమిదో నంబరు ఆర్‌ఎఫ్‌ఐగా పోయింది. రెండో రోజుకే జవాబు వచ్చింది. ఆమోదించాం, చాలా బాగుంది, స్థానిక పరిశీలన మెచ్చుకోదగ్గది. నలభై ఏడుకి రాలేదు. రెండూ ఒకే ఫైల్లో, ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. నలభై ఎనిమిది చదవాలంటే నలభై ఏడు దాటి పోవాలి. దాటి పోయారు.

వారం వారం మీటింగులో జవాబు రాని ప్రశ్నల జాబితా చదువుతారు. వారం వారం నలభై ఏడు "ఓపెన్" అనే వచ్చేది. సైటుకి పోయినప్పుడల్లా రెడ్డయ్య అదే అడిగేవాడు.

"జవాబొచ్చెనా మస్తానూ?"

"రాలే అన్నా. రాసినా. వస్తాది."

"నక్కకొచ్చె గదా!"

జూలైకి పలకలు అతని గుడారం ఎదురుగా నిలబడ్డాయి. పలకలు పెట్టేవాళ్లకి నా బొమ్మే గతి. అందులో గేటు లేదు, వాళ్లు పెట్టలేదు. వాళ్లను ఏమీ అనను. ఆ రోజు నుంచి సబీల్ దూరం ఏడొందల మీటర్లు కాదు. ఉత్తరపు గేటు దాకా పోయి చుట్టి రావాలి, పోను ఐదు కిలోమీటర్లు, రాను ఐదు. కువైట్ జూలై గురించి ఇక్కడ ఉన్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. లేనివాళ్లకి చెప్పినా అర్థం కాదు.

రెడ్డయ్య నాలుగు రోజులు చుట్టి నడిచాడు. ఐదో రోజు నక్క కన్నంలో దూరాడు. ముందు క్యాన్లు తోసి, తర్వాత తను బోర్లా పడుకుని పాకాడు. అతనే చెప్పాడు నాకు, నవ్వుతూ చెప్పాడు. "నేనే గదా దారి సూపించింది. నక్క నన్ను కాదంటాదా?" భుజం మీద చర్మం లేచిపోయి ఉంది. కాంక్రీటు అంచు గరుకుగా ఉంటుంది. అంచు నున్నగా గుండ్రంగా ఉండాలని నేను బొమ్మలో రాయలేదు. జంతువులకి బొచ్చు ఉంటుంది కదా అనుకున్నాను.

ఆగస్టు మొదట్లో మీటింగ్. కన్నాల దగ్గర జంతువులు తిరుగుతున్నాయో లేదో చూడ్డానికి కన్సల్టెంట్ కెమెరాలు పెట్టించారు. ఎదురుగా ఏదైనా కదిలితే వాటంతటవే ఫోటో తీస్తాయి. తెర మీద ఒక్కో ఫోటో చూపిస్తున్నారు. ముళ్లెలుక వచ్చింది, అందరూ సంతోషపడ్డారు. నక్క వచ్చింది, చప్పట్లు కొట్టారు. తర్వాత ఫోటోలో ఒక తల, రెండు చేతులు, ఒక క్యాన్. ఎవరో ఇంగ్లీషులో "ఇది ఏ జాతి జంతువు?" అన్నారు. నవ్వులు. సత్యనారాయణ గారూ నవ్వారు.

బొమ్మల మార్పులు రాసుకోవడానికి నన్ను గోడవార కుర్చీలో కూర్చోబెట్టారు. అక్కడ కూర్చున్నవాళ్లు మాట్లాడకూడదు. లేచి నిలబడ్డాను. "ఆయన పేరు రెడ్డయ్య సార్. మీరు చప్పట్లు కొట్టిన కన్నం ఆయన చూపించిందే. ఆయన గురించే నలభై ఏడో నంబరు. ఏడు రోజుల్లో చెప్పాల్సింది మూడు నెలలైంది."

కన్సల్టెంట్ పెద్దాయన "నోట్ చేసుకున్నాం" అన్నారు. ఏం నోట్ చేసుకున్నారో నాలుగు రోజులకి తెలిసింది. మనుషులు దూరకుండా నక్క కన్నాలన్నిటికీ ఇనుప కమ్మీలు బిగించాలి. కమ్మీకి కమ్మీకి మధ్య పన్నెండు సెంటీమీటర్లు. మూడు నెలలు మనిషి కనబడలేదు. కనబడగానే చేసిన పని ఇది.

నేను గీయనన్నాను. ఒక రోజంతా స్క్రీన్ ఆర్పి కూర్చున్నాను. సత్యనారాయణ గారు నా కుర్చీ దగ్గరికి వచ్చారు. ఆ రోజు ఆయన గొంతులో వెటకారం లేదు. "మస్తాను గారూ, మీరు గీయకపోతే ఇంకొకడు గీస్తాడండి. వాడికి రెడ్డయ్య ఎవరో కూడా తెలీదు. ఎందుకండీ మనకి?"

గీశాను. ప్రతి బొమ్మ కింద కుడి మూలన టైటిల్ బ్లాక్ అనే పెట్టె ఉంటుంది. అందులో "గీసినవారు" అన్న గడి ఉంటుంది. ఆ కమ్మీల బొమ్మ మీద ఆ గడిలో ఉన్నవి నా పొడి అక్షరాలే. బొమ్మ పక్కన ఒక్క లైను చేర్చాను, నలభై ఏడో ఆర్‌ఎఫ్‌ఐకి జవాబు ఇంకా రాలేదని. కన్సల్టెంట్ దగ్గర్నుంచి బొమ్మ తిరిగొచ్చింది. ఆ లైను చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి "ఇది తీసెయ్యండి" అని రాశారు. నలభై ఏడుకి నాకు రాతలో వచ్చిన స్పందన ఇప్పటిదాకా అదొక్కటే.

కమ్మీలు బిగించాక రెడ్డయ్య మళ్లీ చుట్టి నడవడం మొదలుపెట్టాడు. రెండో వారంలో ఒక మధ్యాహ్నం లారీల గేటుకి ఇవతల, గోడ నీడలో పడిపోయాడు. ఆ వేళకి గోడ నీడ జానెడే ఉంటుంది. క్యాంపు బస్సు డ్రైవర్ చూసి ఆసుపత్రికి చేర్చాడు. మర్నాడు నేను పోయాను. చేతికి సెలైన్, పెదాలు పగిలి ఉన్నాయి. కిడ్నీలు దెబ్బతిన్నాయి, ఇంకో గంటైతే కష్టమయ్యేదని నర్సు చెప్పింది.

మంచం పక్కన అతని కఫీల్ నిలబడి ఉన్నాడు, ముసలాయన. "ట్యాంకర్ పంపిస్తున్నాను కదా, ఈయన ఎక్కడికి నడుస్తున్నాడు?" అని నన్నే అడిగాడు. ఆ నీళ్లు తాగడానికి పనికిరావని నాకు వచ్చిన అరబీలో చెప్పాను. "నాకెవరూ చెప్పలేదు" అన్నాడు. మర్నాటి నుంచి గుడారాలకు తాగునీళ్ల సీసాలు పంపాడు. ఆయన్ని నేను మెచ్చుకోవడం లేదు, ముందే చూసుకోవాల్సింది. కానీ ఒక్క మాటకి, నంబరు లేని మాటకి, ఆయన ఒక్క రోజులో జవాబు చెప్పాడు. అదీ తన రెండు గుడారాలకే. మిగతా నాలుగు వేరేవాళ్లవి. వాళ్ల మనుషులు ఇప్పటికీ చుట్టి నడుస్తున్నారు. క్యాంపు కుర్రాళ్లు శుక్రవారాలు రావడం మానేశారు.

రెడ్డయ్య అక్టోబరులో ఖలాస్ చేసుకుని, అంటే వీసా రద్దు చేయించుకుని, ఇంటికి పోయాడు. ఎయిర్‌పోర్టులో అన్నాడు, "నీళ్ల కోసం పొట్ట మీద పాకినానప్పా మస్తానూ. ఇంటికాడ ఈ మాట ఎవురికీ చెప్పొద్దు." చెప్పొద్దన్న మాట నేను ఇక్కడ రాస్తున్నాను. రాయడానికి ముందు ఫోన్ చేసి అడిగాను. "పేపర్లో వేస్తే జవాబొస్తాదా?" అన్నాడు. వస్తుందన్నాను. "అయితే రాయి" అన్నాడు.

ప్రాజెక్టు ముగింపులో అన్ని ప్రశ్నలూ తేలినట్టు జాబితా చూపించాలి. అందులో నలభై ఏడు ఎదురుగా "క్లోజ్డ్" అని ఉంది. ఎవరు మూశారో, ఏ రోజు మూశారో లేదు. ఆ తర్వాత కన్సల్టెంట్ వాళ్లు రంగుల పుస్తకం ఒకటి వేశారు. అట్ట మీద మన గోడ. జనాన్ని కలిపే గోడ, వన్యప్రాణులకు చోటిచ్చే గోడ. లోపల కన్నంలోంచి తొంగిచూస్తున్న నక్క ఫోటో, కమ్మీలు పెట్టకముందు తీసింది. ఇప్పుడు ఆ కమ్మీల్లోంచి పెద్ద నక్క దూరడం నేను చూడలేదు. పక్క పేజీలో కన్నాల బొమ్మ. అది నా బొమ్మే. కుడి మూల పెట్టె మాత్రం కత్తిరించేశారు.

ఈ పని నాకు నేర్పింది ఏమిటంటే, ఖాళీగా ఉన్న చోటును నమ్మకూడదు. ఇప్పుడు ఎవరు సర్వే ఇచ్చినా, ఏ నెలలో కొలిచారని అడుగుతాను. ఏ పొరనూ చూడకుండా ఆపను. నేల మీదికి పోయి మనిషి ఉన్నాడా అని చూసుకున్నాకే గీత గీస్తాను. ఆఫీసులో నన్ను సతాయించేవాడంటారు. అననివ్వండి. ఇంకొకటి కూడా నేర్చుకున్నాను. కాదు అని రాస్తే సంతకం పెట్టాలి, పెడితే రేపు ఎవరైనా అడుగుతారు. ఏమీ రాయకపోతే అడిగేవాడుండడు. కాబట్టి నేను అడుగుతున్నాను.

రెడ్డయ్య ఇప్పటికీ పదిహేను రోజులకోసారి ఫోన్ చేస్తాడు. ఆరోగ్యం సంగతి నేను అడిగేలోపే "జవాబొచ్చెనా?" అంటాడు.

కన్సల్టెంట్ గారూ, ఫారం నా దగ్గర ఉంది. ఎర్ర సిరా బొమ్మా ఉంది. గేటు బొమ్మ ఇంకా నా కంప్యూటర్లో ఉంది. ఒక్క పలక తీస్తే పడుతుంది. నలభై ఏడో నంబరుకి మీకు ఏడు రోజుల గడువు. గేటు పెడతామని రాయండి. పెట్టబోమంటే, నక్కకు ఇచ్చిన దారి మనిషికి ఎందుకు ఇవ్వరో రాయండి. కింద మీ పేరు, సంతకం పెట్టండి. గీసినవారు అన్న గడిలో నా పేరు నేను పెట్టాను.